కూలి లెక్కల పాట



పోయిన ఏడు మిరపకోతలప్పుడు మన సంఘంలోని ఒక సహోదరి స్త్రీల కూడికలో తాను కట్టిన పాట పాడింది. చేలో కాయ కోస్తూ వరస కలిపిందట. అందులో మంటలెత్తే వేళ్ళున్నాయి, కిలోకింత అని వచ్చే కూలి ఉంది, ఆ కూలిలోంచి కిరాణా కొట్టుకు కట్టాల్సిన బాకీ ఉంది. ఆ లెక్క నువ్వే చూడు ప్రభువా అని చివర ప్రార్థన ఉంది. పాట అయ్యాక నేను, "బాగుందమ్మా, కానీ దేవుని పాటలో కూలి లెక్కలు ఎందుకు?" అన్నాను. ఆమె తల ఊపి కూర్చుంది. సెమినరీలో చదువుకున్నవాణ్ణి కదా, సరైన మాటే చెప్పాననుకున్నాను.

అది తప్పని నాకు తెలియజేసింది మన పక్క మండలం మనిషే.

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్నను మనమందరం భద్రాచల రామదాసుగా ఎరుగుదుం. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు. మంత్రులు అక్కన్న, మాదన్నలకు మేనల్లుడంటారు. శిస్తు వసూలు చేయడం, లెక్క రాయడం, ఖజానాకు పంపడం ఆయన పని. ఆ శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడని గోల్కొండ కోటలో ఖైదు చేశారు. పన్నెండేళ్ళని చెప్పుకుంటారు. ఆయన విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. నేను మాట్లాడేది పాట గురించి.

చెరలో కట్టినవని చెప్పే కీర్తనల్లో ఒకటి అచ్చంగా ఖర్చుల చిట్టా. ప్రాకారానికి పదివేల వరహాలు. భరతునికి పచ్చల పతకం, పదివేల వరహాలు. శత్రుఘ్నునికి బంగారు మొలతాడు, పదివేల మొహరీలు. సీతమ్మకు చింతాకు పతకం, మళ్ళీ పదివేలే. తహసీల్దారు లెక్క ఇంత గుండుగా ఉంటుందా అని నాకు నవ్వొచ్చింది గానీ, పాటకు ఆ అంకె కుదిరింది. చింతాకు కూడా మన వాకిట్లో రాలే ఆకే.

చిట్టా అయ్యాక కోపం. ఎవరి సొమ్మని అనుభవిస్తున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. తండ్రినీ మామనూ కూడా మధ్యలోకి లాగుతాడు. వెంటనే తగ్గి, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, ఏమనుకోకు అంటాడు. ఇళ్ళల్లో మనం రోజూ వినే మాటతీరే అది. లెక్కలు రాసిన మనిషి లెక్కలతోనే మొరపెట్టుకున్నాడు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగం, తాళం ఉంటాయి. పురుషోత్తమ చౌధురి (1803–1890) వంటివారు పల్లవి, చరణాలున్న ఆ పాత దారిలోనే మనకు పాటలిచ్చారు. రాగతాళాలను మనం భద్రంగా దాచుకున్నాం. చిట్టాను మాత్రం చాలావరకు గుమ్మం బయటే వదిలేశాం. బైబిలు కీర్తనలు అలా వదల్లేదు. 23వ కీర్తనలోని దుడ్డుకర్ర, దండం గొర్రెల కాపరి పనిముట్లు. 137వ కీర్తనలో చెరపట్టబడినవారు నది ఒడ్డున చెట్లకు తగిలించిన సితారాలున్నాయి. గొర్రెలు కాసినవాడి పాటలో కర్ర ఉండొచ్చు గానీ, మిరపకాయ కోసే ఆమె పాటలో కిలో ఉండకూడదా?

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికి వెళ్ళాను. "అప్పుడు నేనన్నది తప్పమ్మా. ఆ పాట లెక్కల చరణంతో సహా సంఘంలో పాడు" అన్నాను.

"అది తీసేసిన అయ్యగారూ, మీరే అన్నరు కదా. ఇప్పుడు యాదికొస్తలేదు" అంది. చెప్పులు వేసుకుంటూ కాసేపు ఆలోచించి, "కోతలు మొదలైతే మళ్ళ పోత కదా, చేన్ల వస్తదేమో చూస్త" అంది.