మానసిక యోగ్యత పరీక్ష (డ్రైవర్లకు, సింగరేణి ప్రాంతం)

వాహనం నడిపే వ్యక్తి ఏకాగ్రత, ప్రతిస్పందన వేగం, దూరాన్ని అంచనా వేసే శక్తి, ఒత్తిడిలో నిర్ణయం తీసుకునే తీరు కొలిచే పరీక్ష. సుమారు 1912లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ అమెరికాలో ట్రామ్ డ్రైవర్ల కోసం ఇలాంటి ప్రయోగం చేశాడు.

సింగరేణి గనులున్న గోదావరిఖనిలో బొగ్గు తవ్వి, తరలించే వారి యోగ్యతకు వర్తించే కొలతలు ఒకేలా లేవు. రామగుండం మీదుగా బొగ్గు రేక్‌లు (గూడ్సు రైళ్లు) లాగే రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరాలంటే సైకో టెస్ట్ గట్టెక్కాలి. లారీ డ్రైవర్‌కు 1989 కేంద్ర మోటారు వాహన నియమాల కింద వైద్య ధ్రువపత్రం చాలు. గని కార్మికులకు 1955 మైన్స్ రూల్స్ ప్రకారం చేరేటప్పుడూ, ఆ తర్వాత నిర్ణీత వ్యవధుల్లోనూ వైద్య పరీక్షలు ఉంటాయి. వాటిలో ప్రధానంగా చూసేవి చూపు, వినికిడి, ఊపిరితిత్తులు.

అయితే డంపర్ ఆపరేటర్ యోగ్యత వాటితోనే తేలదు. ఓపెన్‌కాస్ట్ గనిలో 100 టన్నుల డంపర్ క్యాబిన్ ఎడమవైపు ఉంటుంది. కుడి టైరు పక్కన జీపు ఆగినా ఆపరేటర్‌కు కనబడకపోవచ్చు. ఒకే హాల్ రోడ్డు (గనిలో డంపర్లు తిరిగే దారి) మీద లోడుతో ఎక్కడం, ఖాళీగా దిగడం షిఫ్టంతా సాగుతుంది. నైట్ షిఫ్టులో తెల్లవారుజామున ముంచుకొచ్చే నిద్రమత్తును పగలు పెట్టిన పరీక్ష పట్టలేదు. అందుకే షిఫ్టుల మార్పు, విశ్రాంతి కూడా యోగ్యతలో భాగమే.

సింగరేణిలో ‘అన్‌ఫిట్’ (పనికి అనర్హుడు) అన్న మాట ఆ కార్మికుడి స్థానంలో వారసుడికి వచ్చే ఉద్యోగంతో, ఇంటి బతుకుతో ముడిపడింది. మానసిక పరీక్ష పెడితే ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. చికిత్స, ప్రత్యామ్నాయ పని చూపాలి. శిక్ష పడుతుందన్న భయం ఉంటే ఎవరూ నిద్రలేమి గురించి నోరు విప్పరు.