టర్బో బండికి బయటి దేశం పార్టులా? జర ఆగుండ్రి తమ్ముళ్లూ

ఇంజన్ల కాలి బయటికి పోయే పొగతోని ఒక చక్రం తిరుగుతది. దాని ఇరుసు మీదనే ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజన్లకు కుక్కుతది. ఇదే టర్బో. నిమిషానికి లక్షకు పైగ సుట్లు తిరుగుతది.

ఎంత గాలికి ఎంత పెట్రోల్, నిప్పురవ్వ ఎప్పుడు పడాలె అని లెక్క సూసేది ఈసీయూ అనే కంప్యూటర్. ట్యూనింగ్ అంటే ఆ లెక్క మార్చుడే. గాలి ఒత్తిడి పెంచి మిగతా లెక్క సరిచెయ్యకుంటే సిలిండర్ల మంట అదుపు తప్పుతది. దాన్నే నాకింగ్ అంటరు. పిస్టన్లు పగులుతయి.

ఇగ కొనుడు సంగతి. జపాన్ స్విఫ్ట్ స్పోర్ట్‌ది 1.4 లీటర్ల టర్బో ఇంజన్. మన పెట్రోల్ స్విఫ్ట్‌ది 1.2 లీటర్లు, టర్బోనే లేదు. పేరొక్కటే, పార్టు కూసోదు. అందుకే బండి పేరు కాదు, ఇంజన్ కోడ్, పార్టు నంబర్ సూడాలె. పాత టర్బో ఇరుసు ఊగుతుందా లేదా ఫోటోల కనవడదు. ధరకు రవాణా, ఇన్సూరెన్స్ కలిపి, దాని మీద కస్టమ్స్ సుంకం ఏస్తరు. ఆపైన జీఎస్టీ.

చట్టం గూడ ఉన్నది. 2019 సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చెప్పకుండ మారిస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ గూడ ఆగొచ్చు.

వడ్లమ్మిన పైసలు పెట్టే ముందు బ్రేకులు, టైర్లు సూసుకోండ్రి. బండి ఉరుకుడు కాదు, ఆగుడు ముఖ్యం.