తెలంగాణలో జ్ఞానోదయ భావాల వ్యాప్తి

తెలంగాణలో జ్ఞానోదయ భావాల వ్యాప్తి అనేది 20వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో హైదరాబాదు రాజ్యంలోని తెలుగు జిల్లాలలో గ్రంథాలయాలు, పత్రికలు, సభల ద్వారా సాగిన విజ్ఞాన, సంస్కరణ చైతన్యం. 18వ శతాబ్దపు ఐరోపాలో జ్ఞానోదయ యుగం ప్రచారంలోకి తెచ్చిన హేతుబద్ధ ఆలోచన, భావప్రకటనా స్వేచ్ఛ, మనుషులందరి సమానత్వం, విద్య అందరి హక్కు అనే భావాలు ఇక్కడికి నేరుగా రాలేదు. మద్రాసు, పూనా, కలకత్తా నగరాల ఆంగ్ల విద్య, సంఘ సంస్కరణోద్యమాల మీదుగా దాదాపు నూటయాభై సంవత్సరాల తరువాత వచ్చాయి. అవి ఈ నేల సమస్యలతో, అంటే మాతృభాషకు పాఠశాలల్లో చోటు లేకపోవడం, వెట్టిచాకిరి, బాల్యవివాహాలు, అస్పృశ్యతలతో కలిసి కొత్త రూపం పొందాయి. ఈ చైతన్యంలో నేటి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలకు ప్రముఖ స్థానముంది.

పదం

జ్ఞానోదయం అనే మాటను తెలుగులో రెండు సందర్భాలలో వాడుతారు. బుద్ధుడు బోధివృక్షం క్రింద పొందినది మొదటిది. 17వ శతాబ్దపు చివరి నుండి 18వ శతాబ్దమంతా ఐరోపాలో సాగిన భావవిప్లవం రెండవది. ఈ వ్యాసంలో రెండవ అర్థమే తీసుకోబడింది. తెలంగాణకు సంబంధించి చరిత్రకారులు సాంస్కృతిక పునరుజ్జీవనం, గ్రంథాలయోద్యమం, ఆంధ్రోద్యమం అనే పేర్లను కూడా వాడుతారు.

ఐరోపా నేపథ్యం

ఐరోపాలో జ్ఞానోదయ యుగపు ఆలోచనాపరులు రాజు, మతాధికారి చెప్పినదే సత్యమన్న భావనను ప్రశ్నించారు. మాంటెస్క్యూ 1748లో ప్రచురించిన గ్రంథంలో అధికార విభజనను వివరించాడు. రూసో 1762లో సామాజిక ఒడంబడిక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఇటలీకి చెందిన బెకారియా 1764లో చిత్రహింసలను, మరణశిక్షను ఖండించాడు. మనిషి తన బుద్ధిని తానే ఉపయోగించే ధైర్యం చేయడమే జ్ఞానోదయమని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1784లో నిర్వచించాడు.

ఈ భావాలు వ్యాపించడానికి పుస్తకాలతో పాటు కాఫీ హోటళ్ళు, పఠన మందిరాలు, వార్తాపత్రికలు, సాహిత్య గోష్ఠులు తోడ్పడ్డాయి. దిదెరో, దాలంబేర్ సంపాదకత్వంలో 1751లో ఆరంభమైన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వం ఈ యుగానికి ప్రతీక. 1759లో ప్రభుత్వం దాని ప్రచురణ అనుమతిని రద్దు చేసినా పని ఆగలేదు. 1772 నాటికి 17 వ్యాస సంపుటాలు, 11 చిత్ర సంపుటాలు వెలువడ్డాయి. సేద్యగాళ్ళు, కంసాలులు, నేతగాళ్ళ పనిముట్లను, పని విధానాలను కూడా శాస్త్రాలతో సమానంగా వర్ణించడం దీని ప్రత్యేకత.

అదే శతాబ్దంలో, 1724లో, దక్కనులో అసఫ్ జాహీ వంశపాలన మొదలైంది. కృష్ణా, తుంగభద్రల నడుమ గద్వాల సంస్థానం సోమనాద్రి కట్టించిన కోట కేంద్రంగా బలపడింది. ఐరోపాలో జరుగుతున్న చర్చల ప్రభావం అప్పటికి ఇక్కడ లేదు.

సంస్థానాలు, పాండిత్యం

నిజాం రాజ్యంలో అంతర్భాగంగా ఉంటూ కప్పం కట్టే సంస్థానాలు కృష్ణానదీ పరిసరాలలో పలు ఉండేవి. వీటిలో గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపురం), అమరచింత (ఆత్మకూరు), గోపాలపేట ముఖ్యమైనవి. ఉర్దూ ఏలుబడిలో సంస్కృతాంధ్ర సాహిత్యాలకు ఈ సంస్థానాలే ఆశ్రయమిచ్చాయి. పండిత సత్కారాల వలన గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు వచ్చింది. తిరుపతి వేంకట కవులు కూడా ఈ సంస్థానాలను దర్శించి అవధానాలు చేశారు.

అయితే ఈ పాండిత్యం ఆస్థానానికి, ఆస్థానం గౌరవించే కొద్దిమందికి పరిమితం. వ్యాకరణం, అలంకారశాస్త్రం, వేదాంతం చర్చకు వచ్చేవి గానీ రైతు శిస్తు, వెట్టి, స్త్రీవిద్య వంటి విషయాలు రాలేదు. పండితుని మెప్పించవలసినది ప్రభువునే. ఈ స్థితి మారి, రచయిత చదువరులను ఉద్దేశించి వ్రాయడం, చదువరులు చందాలు కట్టి పత్రికను, గ్రంథాలయాన్ని పోషించడం ఇక్కడి జ్ఞానోదయంలో ప్రధానమైన మార్పు.

భాషా సమస్య

1880లలో హైదరాబాదు రాజ్యంలో పారసీ స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. ఒక భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలను బోధించడం ఆ కాలానికి గొప్ప ప్రయోగమే. అందుకోసం శాస్త్రగ్రంథాలను పెద్దయెత్తున ఉర్దూలోకి అనువదించారు. కానీ రాజ్యంలో అధిక సంఖ్యాకుల మాతృభాషలైన తెలుగు, మరాఠీ, కన్నడాలకు ఆ స్థానం దక్కలేదు. తెలుగు పిల్లవాడు పై చదువు చదవాలంటే ముందుగా మరొక భాషను నేర్వవలసి వచ్చేది. అందువలన తెలంగాణలో జ్ఞానం అందరికీ అందాలన్న భావన మాతృభాషా పోరాటంగా మొదలైంది.

గ్రంథాలయాలు, గ్రంథమండలులు

హైదరాబాదులో ఆధునిక భావాలకు తొలి వేదికలలో ఒకటి అఘోరనాథ ఛటోపాధ్యాయ నిర్వహించిన చర్చాగోష్ఠులు. సరోజినీ నాయుడు తండ్రి అయిన ఈయన తరువాతి కాలంలో నిజాం కళాశాలగా మారిన హైదరాబాదు కళాశాలకు ప్రిన్సిపాలు. చాందా రైల్వే పథకాన్ని విమర్శించినందుకు 1883లో ప్రభుత్వం ఆయనను రాజ్యం నుండి పంపివేసింది.

తెలుగువారిలో ఈ కృషి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో స్థాపించబడిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంతో ఆరంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు, ఆదిపూడి సోమనాథరావు దీని స్థాపనలో ముఖ్యులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిసింది. తరువాతి దశాబ్దాలలో గ్రామాలలో కూడా పఠనమందిరాలు ఏర్పడ్డాయి. చదువు వచ్చిన ఒకరు పత్రిక చదివితే చుట్టూ కూర్చొని వినేవారికి కూడా లోకజ్ఞానం కలిగేది. అందువలన గ్రంథాలయ స్థాపనను కూడా అధికారులు అనుమానంతో చూసేవారు.

1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చరిత్రలు, జీవితచరిత్రలు, ప్రకృతిశాస్త్రాల పుస్తకాలను తక్కువ ధరకు తెలుగులో అందించింది. దీని తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. బానిసత్వాన్ని రద్దుచేసిన నాయకుని కథతో ఒక తెలుగు గ్రంథమాల మొదలుకావడం గమనార్హం. 1908లో మండలి మద్రాసుకు తరలింది. అక్కడ లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము నిర్మాణానికి పూనుకున్నాడు. 1923లో ఆయన మరణించే నాటికి అది పూర్తికాలేదు. మూడు సంపుటాలు మాత్రమే వెలువడ్డాయి.

ఆంధ్ర జనసంఘం

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో మహర్షి ధొండో కేశవ కర్వే అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. వక్తలు ఆంగ్లం, ఉర్దూ, మరాఠీలలో ప్రసంగించారు. ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడడానికి లేవగానే సభికులలో కొందరు అల్లరి చేసి ఎగతాళి చేశారు. ఆ అవమానం భరించలేని కొద్దిమంది తెలుగువారు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు ఈ సంఘంలో ప్రముఖులు. వీరిలో బూర్గుల పాలమూరు జిల్లాకు చెందినవాడు.

సంఘం గ్రంథాలయాల స్థాపన, విద్యార్థులకు సహాయం, శాసనాల సేకరణ, వెట్టిచాకిరి వ్యతిరేక ప్రచారం వంటి పనులు చేపట్టింది. ప్రభుత్వ ఉత్తర్వులలో వెట్టికి ఉన్న పరిమితులను చిన్న పుస్తకాలుగా ముద్రించి పంచడం దాని పద్ధతులలో ఒకటి. చట్టం ఏమి చెబుతున్నదో ప్రజలకు తెలియజేస్తే సగం అన్యాయం ఆగుతుందన్నది ఆ నాయకుల నమ్మకం. గస్తీ నిషాన్ తిర్పన్ (53వ నంబరు ఉత్తర్వు) సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేయడం వలన సంఘం తన కార్యక్రమాలను విద్యా, సాంఘిక విషయాలకు పరిమితం చేసుకొని నడిచింది.

పత్రికలు

మహబూబ్‌నగర్ నుండి 1913లో వెలువడిన హితబోధిని తెలంగాణలోని తొలి తెలుగు పత్రికలలో ఒకటి. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను, ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను ప్రారంభించారు.

సురవరం ప్రతాపరెడ్డి

ఈ చైతన్యానికి కేంద్రస్థానంలో నిలిచిన సురవరం ప్రతాపరెడ్డి 1896 మే 28న నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించాడు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. కర్నూలు, మద్రాసులలో చదువుకున్నాడు. న్యాయశాస్త్ర పట్టభద్రుడైనా రచననే ప్రధాన వ్యాసంగంగా ఎంచుకున్నాడు. వనపర్తి ప్రాంతంలోని రాయణిపేటలో జన్మించి హైదరాబాదు నగర కొత్వాలు అయిన రాజా బహద్దూర్ వేంకటరామారెడ్డి ఆయనను ప్రోత్సహించాడు. వేంకటరామారెడ్డి ప్రధాన కృషితో 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు నిర్వహణలో ప్రతాపరెడ్డి పాలుపంచుకున్నాడు.

1926 మే 10న ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వెలువడే పత్రికగా ఆరంభమైంది. భాషాసేవ, జాతి మత కులభేదాలు లేకుండా తెలుగువారి అభివృద్ధి దాని ఆశయాలు. గ్రామాధికారుల అక్రమాలు, పాఠశాలల దుస్థితి, స్త్రీవిద్య గురించి నిర్భయంగా వ్రాసింది. పోలీసు అధిపతి ప్రోత్సాహంతో మొదలైన పత్రికే ప్రభుత్వాన్ని విమర్శించడం నాటి హైదరాబాదు పరిస్థితులలోని ఒక వైచిత్రి. 1947లో ఇది దినపత్రికగా మారింది.

తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలు, వివరాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రచురించాడు. వాదానికి ఆవేశంతో కాక సాక్ష్యంతో బదులివ్వడం ఆయన పద్ధతి. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర కూడా ఇదే పద్ధతిలో సాగింది. రాజుల వంశావళులను, యుద్ధాలను ప్రక్కనబెట్టి, జనం తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, నమ్మిన నమ్మకాలు, చేసిన వృత్తులను కావ్యాలు, శతకాలు, శాసనాల ఆధారంగా ఇందులో వివరించాడు. 1756లో వోల్టేర్ జాతుల ఆచార వ్యవహారాల చరిత్రను వ్రాసి ఐరోపాలో వేసిన బాట కూడా ఇటువంటిదే. ఈ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో తన తొలి పురస్కారాన్ని ప్రకటించింది. అప్పటికి రచయిత జీవించి లేడు. 1952 ఎన్నికలలో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ప్రతాపరెడ్డి 1953 ఆగష్టు 25న మరణించాడు.

సంఘ సంస్కరణ

1930 మార్చిలో జోగిపేటలో ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ జరిగింది. మహాసభలలో బాల్యవివాహాల నిషేధం, వితంతు వివాహాలు, స్త్రీవిద్య, అస్పృశ్యతా నివారణ చర్చకు వచ్చాయి. సంప్రదాయవాదుల నుండి వీటికి వ్యతిరేకత ఎదురైంది.

మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల ఉన్నత పాఠశాలను స్థాపించాడు. ఉర్దూ మాధ్యమం కానందున స్థానికంగా గుర్తింపు దొరకక, పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపుతో అది నడిచింది.

అణగారిన కులాలలో ఈ కృషిని స్వతంత్రంగా సాగించినవాడు భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలిని, 1911లో మన్య సంఘాన్ని స్థాపించాడు. హైదరాబాదులో దళిత బాలబాలికలకు పాఠశాలలు నడిపాడు. జోగినీ దురాచారానికి వ్యతిరేకంగా ఉద్యమించాడు. సమానత్వాన్ని సూత్రంగా ఒప్పుకున్నవారు ఆచరణలో ఎంతవరకు వస్తారన్న ప్రశ్నను ఆయన కృషి అగ్రవర్ణ సంస్కర్తల ముందు నిలిపింది.

పరిమితులు, విమర్శ

ఐరోపా జ్ఞానోదయం స్వేచ్ఛను ప్రబోధించిన కాలంలోనే ఐరోపా దేశాలు బానిస వ్యాపారం సాగించాయి. తెలంగాణలో కూడా ఇటువంటి వైరుధ్యాలు కనిపిస్తాయి. సంస్కరణకు నాయకత్వం వహించినవారిలో ఎక్కువమంది చదువుకున్న అగ్రవర్ణాలవారు, వకీళ్ళు, భూవసతి కలవారు. వెట్టిని ఖండించే సభలకు కొన్నిచోట్ల వెట్టి చేయించుకునే భూస్వాములే పోషకులు. అక్షరాస్యత అతి తక్కువగా ఉన్న కాలంలో పత్రికల ప్రభావం కూడా పరిమితమే. భూమి, వెట్టి సమస్యలపై ఎంతదూరం వెళ్ళాలన్న విషయమై ఆంధ్ర మహాసభలో మితవాదులకు, వామపక్షీయులకు భేదాలు పెరిగాయి. 1944లో భువనగిరి సభ నాటికి మహాసభ రెండుగా చీలింది. తరువాత వామపక్షీయుల నాయకత్వంలో తెలంగాణా సాయుధ పోరాటం జరిగింది.

ప్రభావం

1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడి తెలుగు పరీక్షలు, ప్రచురణల ద్వారా ఈ కృషిని కొనసాగించింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1953 జనవరిలో పరిషత్తు సభలు తుంగభద్రా తీరంలోని అలంపురంలో జరిగాయి. గడియారం రామకృష్ణశర్మ వీటి నిర్వహణకు పూనుకున్నాడు. కాళోజీ నారాయణరావు కవితా సంపుటి నా గొడవను శ్రీశ్రీ ఆ సభలలోనే ఆవిష్కరించాడు. ఒకప్పుడు సంస్థానాధీశుల సత్కారాల కోసం పండితులు తరలివచ్చిన ప్రాంతానికి, ఈసారి ప్రజలు పిలిచిన సభకు కవులు, రచయితలు తరలివచ్చారు.

ఇవి కూడా చూడండి

* సురవరం ప్రతాపరెడ్డి
* గోలకొండ పత్రిక
* శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం
* కొమర్రాజు వెంకట లక్ష్మణరావు
* ఆంధ్ర మహాసభ
* భాగ్యరెడ్డి వర్మ
* గద్వాల సంస్థానం
* వనపర్తి సంస్థానం