పండిత రమాబాయి: విశ్వాసము, నిత్యకృత్యము

పూనా నుండి షోలాపురమునకు పోవు రైలుమార్గమున కేడగావ్ అను చిన్న స్టేషను కలదు. 1890ల మధ్యకాలమున పండిత రమాబాయి ఆ ప్రాంతమున కొంత భూమి కొని, నూతులు త్రవ్వించి, పండ్లతోట వేయించెను. ఆ తోటకు కారణము కేవలము జమాఖర్చుల లెక్క. ఆమె నడపుచుండిన వితంతు విద్యాలయమునకు పది సంవత్సరములు మాత్రమే ధనసహాయము చేయుదుమని అమెరికాలోని రమాబాయి సంఘమువారు మాట యిచ్చియుండిరి. ఆ గడువు తీరిన పిదప పిల్లల కూటికి చెట్లైనను ఫలింపవలెను గదా! తన భారమంతయు దైవము మీద వేసితినని చెప్పుకొనిన ఈ స్త్రీ నూతుల లోతును, చెట్ల రాబడిని అంత శ్రద్ధతోనే గణించెను. ఈ రెంటికిని విరోధమున్నదని ఆమెకు తోచినట్లు లేదు.

రమాబాయి మతము మార్చుకొనుటను గూర్చి మనవారు చాల వాదించిరి. ఆ మతము ఆమె దినచర్యలో ఏ రూపము దాల్చినదో అంతగా విచారింపలేదు.

ఆమె 1858లో పడమటి కనుమలలోని గంగామూల వనమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే మహాపండితుడు. స్త్రీకి సంస్కృతము నేర్పరాదన్న లోకమును లెక్కింపక భార్యకు చదువు చెప్పెను. ఆ తల్లి వద్దనే రమాబాయి చదువుకొనెను. పురాణము చెప్పుకొనుచు ఆ కుటుంబము క్షేత్రము నుండి క్షేత్రమునకు కాలినడకను తిరిగెను. 1870లలో కరవు వచ్చినప్పుడు వారు తిరుపతి కొండల ప్రాంతమున ఉండిరి. చేతిలోని ధనము, పాత్రలు అన్నియు అయిపోగా, ఆ అడవిలో ఆకులు, నీరు, అడవియీతపండ్లు ఆహారముగా దినములు గడపిరి. స్వల్పకాలముననే తండ్రి, తల్లి, అక్క ఒకరి వెనుక నొకరు మరణించిరి. ఆకలిని గూర్చి రమాబాయి తరువాత వ్రాసినదంతయు ఈ అనుభవమునుండి పుట్టినదే. 1878లో అన్నతో కలకత్తా చేరగా అచటి విద్వాంసులు ఆమెకు పండిత, సరస్వతి అను బిరుదములొసగిరి. 1880లో అన్న పోయెను. అదే సంవత్సరమున ఆమె బిపిన్ బిహారీ అను వంగదేశీయుని వివాహమాడెను. ఆయనయు 1882లో మృతినొందెను. ఇరువదినాలుగేండ్లు నిండకముందే ఆమె మనోరమ యను పసికందుతో ఒంటరియయ్యెను.

1883లో ఆమె ఇంగ్లండు వెళ్ళి వాంటేజ్ పట్టణమున ఆంగ్లికను సన్న్యాసినుల యొద్ద బస చేసెను. ఆమెను క్రీస్తువైపు త్రిప్పినది వేదాంతచర్చ కాదు. లండనులో ఆ సన్న్యాసినులు దారితప్పిన స్త్రీలకొక ఆశ్రమము నడపుచుండిరి. లోకము వెలివేసిన ఆ స్త్రీలను వారు ఆదరించు తీరు చూచి ఆమె ఆశ్చర్యపడెను. అట్టివారిపై దయచూపుట ధర్మమని తాను చదివిన శాస్త్రములలో కనుగొనలేదని, ఇంత కరుణ వీరికెట్లు కలిగెనని ప్రశ్నింపగా, సమరయ స్త్రీతో యేసు జరపిన సంభాషణను ఒక సన్న్యాసిని చదివి వినిపించెను. ముందు సేవను చూచి, పిదప గ్రంథమును విన్నది. ఈ క్రమము గమనింపదగినది. ఆమె తరువాతి జీవితమంతయు ఈ క్రమముననే నడచినది.

ఆ సంవత్సరము సెప్టెంబరు 29న ఆమె కుమార్తెతో కూడ బాప్తిస్మము పొందెను. అయినను లొంగిపోలేదు. మాంసాహారము ముట్టలేదు. త్రిత్వ సిద్ధాంతమును తన బుద్ధికి తోచినంతవరకే అంగీకరింతునని గురువులతో వాదించెను. శిలువపై లాటిను అక్షరములేల, మన ప్రాచీన సంస్కృతమున ఉండరాదా అని అడిగెను. చెల్టెన్‌హామ్ కళాశాలలో ఉన్నకాలమున ఆమె పురుషులకు పాఠములు చెప్పరాదని భారతదేశపు బిషప్పులు అభ్యంతరపెట్టగా, చిన్ననాటినుండి సభలలో పండితుల ఎదుట ప్రసంగించిన ఆమెకు అది అవమానముగా తోచినది. క్రీస్తునకు శిష్యురాలగుట వేరు, ఆంగ్లేయులకు శిష్యురాలగుట వేరు అని ఆమె లేఖలు చదివినవారికి స్పష్టమగును.

1889 మార్చి 11న బొంబాయిలో ఆమె శారదాసదనమును తెరచెను. మరుసటి యేడు అది పూనాకు మారినది. అగ్రవర్ణ వితంతువులు ఆచారభంగము లేకుండ చదువుకొనుటకై అచట వంట మడితో జరుగునట్లు ఏర్పాటు చేసిరి. మతబోధ చేయనని ఆమె మాట యిచ్చెను. రానడే, భండార్కరు వంటి సంస్కర్తలు సలహాసంఘమున ఉండిరి. చిక్కు ప్రార్థన వద్ద వచ్చినది. ఆమె తన గదిలో తన కుమార్తెతో ప్రార్థించుకొనును, తలుపు మూయదు. కొందరు బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. కేసరి పత్రిక తీవ్రముగా ఖండించెను. 1893లో సలహాసంఘమువారు రాజీనామా చేసిరి. పలువురు తమ బాలికలను తీసికొనిపోయిరి.

ఇందు ఎవరిది న్యాయము? నా ఇంట నా దేవుని కొలుచుకొనుటకు తలుపు మూయవలెనా అను ఆమె ప్రశ్న బలమైనది. కాని సంస్కర్తల శంక నిరాధారమని నేననజాలను. అన్నము పెట్టి, అక్షరము నేర్పి, తల్లివలె లాలించు వ్యక్తి గది తలుపు, అనాథబాలిక కంటికి, పరుల గది తలుపువంటిది కాదు. నోటితో బోధింపనని మాట యిచ్చుట సులభము. బ్రతుకు చేయు బోధను ఆపుట ఎవరి వశము? విశ్వాసమును ఒక వేళకు, ఒక స్థలమునకు పరిమితము చేయనొల్లని ఆమె స్వభావమునకును, ఆమె యిచ్చిన మాటకును మొదటినుండియు పొత్తు కుదరనే లేదు.

1896లో మధ్యపరగణాలలో కరవు పడినది. తిరుపతి అడవిని మరువని రమాబాయి స్వయముగా వెళ్ళి, సుమారు 300 మంది బాలికలను వెంటబెట్టుకొని వచ్చెను. పండ్లతోటలో గుడిసెలు లేచినవి, అదియే ముక్తిసదనము. ఇచట మతబోధ దాచవలసిన అవసరము లేదు; సదనము బహిరంగముగ క్రైస్తవమైనది. శారదాసదనమున చదివిన స్త్రీలే ఆ పిల్లల తలలు దువ్వి, పుండ్లు కడిగి, గంజి త్రాగించిరి. మడివంటతో మొదలైన సంస్థ నుండి వచ్చిన వారు కులమెరుగని బాలికల పుండ్లు కడుగుట చిన్న మార్పు కాదు. 1900లో గుజరాతు కరవు పిదప అచటివారి సంఖ్య దాదాపు 2000 అయినది. మగ్గము, పాడి, నూనెగానుగ, కుట్టుపని, అచ్చుయంత్రము అన్నింటిని స్త్రీలే నడపిరి. అంధులకు మనోరమ బ్రెయిలు లిపి నేర్పెను.

ఆమె దొరతనమువారికిని వెరవలేదు. 1897లో పూనా ప్లేగు శిబిరములలో స్త్రీలు పడిన అవమానమును గూర్చి, తన సదనపు బాలిక ఒకతె గతి నుదాహరించి, బాంబే గార్డియన్ పత్రికకు లేఖ వ్రాసెను. గవర్నరు అది అసత్యమనెను; ఆమె వెనుకకు తీసికొనలేదు.

చివరి సంవత్సరములలో ఆమె హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, బైబిలును మరాఠీలోనికి తానే తర్జుమా చేసెను. అప్పటి అనువాదములలోని సంస్కృతపదములు పల్లెటూరి స్త్రీలకు తెలియవని ఆమె ఆక్షేపణ. సంస్కృతమున ఆశువుగా శ్లోకములు చెప్పగల పండితురాలు ఆ పాండిత్యమునంతటిని ప్రక్కకు నెట్టి కూలిపిల్లల మాటలను వెదకుట వింతగానే ఉన్నది. ఆ మరాఠీ కొన్నిచోట్ల మూలమునకు మరీ అతుకుకొని బిగుసుకొనిపోయినదని అనువాదము తెలిసినవారు చెప్పుదురు. సదనములోని స్త్రీలే అక్షరములు కూర్చి, అచ్చువేసిరి.

1921లో మనోరమ మరణించెను. రమాబాయి అనువాదమును ముగించి, 1922 ఏప్రిల్ 5న కన్నుమూసెను. సంపూర్ణ గ్రంథము 1924లో వెలువడినది.