ఆడనిస్తే కదా తెలిసేది!

నేను ప్రత్యేక పాఠశాలలో డ్రిల్లు మాస్టారిని. "మావాడు పరిగెత్తలేడు మాస్టారూ, ఆయాసపడతాడు" అనే మాట తరచూ వింటుంటాను. ఈ మాటనే 1960లలో టొరంటోలో ఫ్రాంక్ హేడెన్ అనే పరిశోధకుడు పరీక్షకు పెట్టాడు. మేధో వైకల్యం ఉన్న పిల్లల దారుఢ్యం తోటి పిల్లలతో పోలిస్తే సగమే ఉందని తేలింది. కారణం వైకల్యమేనని అప్పటిదాకా అందరి నమ్మకం. హేడెన్ పద్ధతిగా కసరత్తు చేయిస్తే పిల్లలు పుంజుకున్నారు. లోపమల్లా వాళ్లను కూర్చోబెట్టి ఉంచడంలోనే ఉంది.

1962లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు యూనిస్ కెనెడీ శ్రైవర్ మేరీల్యాండ్‌లోని తన ఇంటి ఆవరణలోనే ఈ పిల్లలకు వేసవి శిబిరం పెట్టింది. ఆమె అక్క రోజ్‌మేరీదీ ఇదే వైకల్యం. ఆమె ప్రయత్నమే పెరిగి, 1968 జూలై 20న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో ఇలాంటి వైకల్యం ఉన్నవారి కోసం మొదటి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి. దాదాపు వెయ్యిమంది ఆడారు. హేడెన్ టొరంటో నుంచి ఫ్లోర్ హాకీ జట్టును తీసుకొచ్చాడు.

ఆ ఆటే మా బడిలోనూ ఆడిస్తాను. కర్రకు కింద వంపు ఉండదు. మెత్తటి బిళ్ల నడుమ చిల్లు ఉంటుంది. కర్ర కొనను అందులో పెట్టి తోసుకుపోవాలి. మొదట పట్టు, తర్వాత నడక, ఆ తర్వాతే పరుగు. ఒక్కో మెట్టుకు వారాలు పడతాయి.

మన దగ్గర ఇలాంటి వారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. బళ్లు ఈ పిల్లలకు తోటివారితో సమానంగా ఆటల అవకాశం ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. అయినా చదువు మిగిలిపోయిందంటే ముందుగా ఎగిరిపోయేది డ్రిల్లు పీరియడే.