బొంబాయి నూలు, ఒసాకా నూలు

విదేశీ విపణిలో పోటీపడే మిల్లు ఆ పోటీ వల్లనే సమర్థమవుతుందని ఒక వాదం. ముందుగా సమర్థమైన మిల్లే విదేశాలకు సరుకు పంపగలుగుతుందని మరొక వాదం. ఈ రెండింటినీ ఒరపెట్టి చూడడానికి చైనా నూలు విపణి చరిత్ర మంచి గీటురాయి.

1854లో కవాస్జీ దావర్ బొంబాయిలో నూలు మిల్లుకు పూనుకున్నాడు. 1856లో కదుళ్లు తిరగసాగాయి. నల్లమందు వర్తకంలో చైనాతో ఏర్పడిన పరిచయాలే తర్వాత నూలుకూ దారి చూపాయి. ముతక నూలులో బొంబాయి లాంకషైర్‌నే వెనక్కు నెట్టింది. కాని ఆ విజయం వెనుక ఒక లోపం దాగి ఉంది. చాలా మిల్లులలో మేనేజింగ్ ఏజెంట్ల కమీషను లాభం మీద కాదు, తయారైన నూలు మీద: పౌనుకు పావు అణా. వాటాదారునికి నష్టం వచ్చినా ఏజెంటుకు రాబడి తప్పదు. కనుక వారికి కావలసింది రాశి. ఎగుమతి కదుళ్ల సంఖ్యను పెంచింది. పనితీరును మార్చవలసిన అగత్యాన్ని మాత్రం కల్పించలేదు.

1893లో ప్రభుత్వం టంకసాలలలో వెండి నాణేల స్వేచ్ఛా ముద్రణను ఆపింది. చైనాలో చలామణి వెండిదే. రూపాయి విలువ వెండిని మించడంతో అక్కడ మన నూలు ప్రియమయింది. 1896లో ప్లేగు వచ్చింది. కార్మికులు నగరం విడిచి పోయారు.

జపాన్ కథ వేరు. అది మొదట బొంబాయి నూలు కొన్న దేశమే. షిబుసావా ప్రోత్సాహంతో ఏర్పడిన ఒసాకా మిల్లు 1883లో పని ప్రారంభించి, రేయింబవళ్లు రెండు షిఫ్టులు నడిపింది. ఆ పరిశ్రమ మ్యూల్ యంత్రాలను విడిచి రింగు కదుళ్లకు మారింది. 1893లో బొంబాయి–కోబె నౌకామార్గం ఏర్పడింది. మన పత్తే అక్కడికి పోయి నూలై చైనా చేరింది. జపాన్ ప్రభుత్వం 1894లో నూలు ఎగుమతి సుంకాన్నీ, 1896లో పత్తి దిగుమతి సుంకాన్నీ తీసివేసింది. 1897లో నూలు ఎగుమతులు దిగుమతులను మించాయి. అంటే జపాన్ మిల్లులు ముందు ఇంటి విపణిలో పని నేర్చి, ఆ తర్వాతనే బయటికి వచ్చాయి. రెండవ వాదానికే ఇక్కడ బలం ఎక్కువ.

అయితే ఆ సమర్థతను ఏ కొలతతో కొలిచారో కూడా మనం అడగాలి. రాత్రి కూడా తిరిగే కదురు ఏడాదికి దాదాపు రెట్టింపు నూలు వడుకుతుంది. అది పెట్టుబడికి లాభమే. కాని రాత్రంతా నిలబడిన పిల్లకు గంట గంటే. తండ్రికి బయానా ఇచ్చి పల్లెల నుండి తెచ్చిన బాలికలను వసతిగృహాలలో కట్టడి చేశారు. ఎందరో క్షయతో ఇల్లు చేరారు. ఈ బ్రతుకును మిల్లు కార్మికుడు హోసోయి వాకిజో 1925లో ‘జోకో ఐషి’ అనే గ్రంథంగా రాసి, ఆ ఏడే మరణించాడు. స్త్రీల రాత్రిపని 1929లో గాని ఆగలేదు.

బొంబాయిలో లోఖండే వంటివారి ఆందోళన తర్వాత 1891 చట్టం వారానికొక సెలవును, స్త్రీలకు 11 గంటల పరిమితిని తెచ్చింది. దీనిని పరిశ్రమకు ఉరి అన్నవారు పావు అణా కమీషను మాట ఎత్తరు. తెలంగాణ నుండి బొంబాయి వలసపోయిన పద్మశాలీల చరిత్ర కూడా ఈ లెక్కలోదే. కదురుకు ఎన్ని పౌనులని అడిగే చరిత్రకారుడు, ఎవరి ఎన్ని గంటలకని కూడా అడగాలి.