జిగురునకు బలమిచ్చిన పొడి

పాలలో నీరు కలిపినచో దానిని మనము కల్తీ అందుము. అయితే చవుకయైన పొడి చేరినంతమాత్రమున ప్రతి పదార్థము చెడునని తలపరాదు. ఉత్త సున్నము ఆరినపుడు బీటలువారును. ఇసుక కలిసిననే గోడ నిలుచును. రెసిన్లు అనబడు జిగురు పదార్థముల చరిత్రయు ఇట్టిదే.

పాత గ్రామఫోను రికార్డులను చూతము. 1895 ప్రాంతమున ఎమిలీ బెర్లినర్ వానికి లక్కను వాడసాగెను. ఆ లక్క మన దేశమునుండి పోయినదే. కాని రికార్డులో లక్కకంటె రాతిపొడియే హెచ్చు. ఆ పొడి ఉక్కు ముల్లును అరగదీసి గాడికి సరిపోవునట్లు చేసెడిది. పాటవెంట వినవచ్చిన బుసబుస ధ్వనియు చాలవరకు దానివలననే కలిగెను.

1909లో లియో బేక్‌లాండ్ లోకమునకు ప్రకటించిన బేకలైటు ఒంటిగా పెళుసు. మెత్తని కొయ్యపిండి కలుపగా దెబ్బకు ఓర్చుకొనెను. 1930 తరువాత ఎన్నో రేడియో పెట్టెలు ఆ మిశ్రమముతోనే అచ్చుపోయబడినవి. వేడికి నిలువవలసిన వస్తువులలో రాతినారను కలిపిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని పిమ్మట తేలినది. ఏ పొడి కలుపుదుమను ప్రశ్న బలమునకే కాక ప్రాణమునకును సంబంధించినది.

ఇక ఎపాక్సీ. కట్టుడుపళ్ల పదార్థమును వెదకుచు స్విట్జర్లాండున పియర్ కాస్టాన్ దీనిని సాధించి, 1938లో పేటెంటు కోరెను. 1946లో సీబా సంస్థ ‘అరాల్డైట్’ పేర దీనిని ప్రదర్శించెను. ఎపాక్సీ గట్టిపడునపుడు వేడి పుట్టును, కొంత కుదించుకొనును. పైగా, వేడికి అది రాగికంటె సుమారు మూడురెట్లు వ్యాకోచించును. కనుక లోహము చుట్టు పోసిన ముద్ద పగులుట కద్దు. పలుగురాతి పొడి కలిపినచో ఈ మూడు దోషములును తగ్గును: ఆ పొడి రసాయనచర్యలో పాల్గొనదు, కుదించుకొనదు, పుట్టిన వేడిలో కొంత తాను గ్రహించును. అల్యూమినా కలిపినచో విద్యుత్తు పారకయే వేడి సులభముగా వెలికిపోవును. వెండిపొడి తగినంత కలిపినచో జిగురే విద్యుత్తును ప్రవహింపజేయును.

అయితే పొడి మితిమీరినచో ముద్ద చిక్కబడును, గాలిబుడగలు చిక్కుకొనును. రేణువునకును జిగురునకును పొత్తు కుదరనిచో ఆ సందున తేమ చొరబడును. అందుచేతనే రేణువులకు ముందుగా సిలేను పూత పూయుదురు.

నేటి రేడియోలోని చిప్పులను కప్పిన నల్లని పెంకులో, తూకమున సాధారణముగా నూటికి 70 నుండి 90 పాళ్లు సిలికాపొడియే. ఆ కొద్ది జిగురును, ఆ పొడియును కలిసియే లోని సన్నని తీగలను తెగకుండ కాపాడుచున్నవి.